కడుపు వాటా

మధ్యాహ్నం గంట కొట్టగానే తోటలో కత్తెరలు ఆగాయి. ద్రాక్ష కోసే ఆడా మగా రేకు కప్పులు పట్టుకుని పీపా ముందు వరస కట్టారు. కేప్ లోయలోని ఆ తోటలో కూలిలో కొంత డబ్బు, కొంత ద్రాక్షసారా. అమ్ముడుపోని పులిసిన సరుకంతా కూలోళ్ల గొంతుల్లో పోసి, దొర దాన్ని దయ అనేవాడు. దయట, దయ!

డోర్కాస్‌కి ఏడో నెల. కడుపుతో ఉన్నవాళ్లకి ఇంకో కప్పు ఎక్కువ పోస్తారు. దాని పేరు 'కడుపు వాటా'. ఎర్రసారా ఎర్రరక్తమై బిడ్డకి పడుతుందని తాతల నాటి నమ్మకం. కూతురు మీటా కడుపులో ఉన్నప్పుడు అత్త రాకెల్ పక్కన కూర్చుని మరీ తాగించింది. డోర్కాస్ కూడా బిడ్డకి పెడుతున్నట్టే చుక్క వదలకుండా తాగింది.

మీటాకి ఇప్పుడు తొమ్మిదేళ్లు. చూస్తే ఐదేళ్ల పిల్లలా ఉంటుంది. పొద్దున నేర్పిన అక్షరం సాయంత్రానికి గుర్తుండదు. మొద్దు అని బడిలో పంతులు కొట్టాడు, ఇంట్లో డోర్కాస్ కొట్టింది. నిన్న ఆస్పత్రిలో నర్సమ్మ ఆ పిల్లని చూసి, తప్పు పిల్లది కాదంది. పిల్ల కడుపులో ఉండగా తల్లి తాగిన సారా మెదడుని ఎదగనివ్వలేదనీ, అది నయమయ్యేది కాదనీ, ఈ బిడ్డనైనా కాపాడుకొమ్మనీ చెప్పింది. ఇంటికొచ్చే దారంతా డోర్కాస్ పిల్లని కొట్టిన తన చేతులు చూసుకుని ఏడ్చింది. తెల్లారేసరికి ఏడుపు పోయి కోపం మిగిలింది.

ఆమె వంతు వచ్చింది. మేస్త్రీ ఫ్లోరిస్ గరిటె ముంచాడు. డోర్కాస్ కప్పు బోర్లించి పట్టుకుంది.

"నాకొద్దు మేస్త్రీ. కడుపు వాటా అసలే వద్దు."

"ఏం, దొరసానివైపోయావా? దొర పోసింది తాగనోళ్లకి దొరిచ్చిన గది మాత్రం ఎందుకు? మొగుణ్ణీ పిల్లనీ తీసుకుని సాయంత్రానికి ఖాళీ చెయ్యి."

వెనక నుంచి రాకెల్ ఆమె జబ్బ పట్టుకుంది. "పొయ్యించుకోవే, పోగాలం దాపురించిందా? నేను తాగలేదా? నీ మొగుణ్ణి కనలేదా?"

నలుగురిలో మొగుడి మాట ఎత్తకూడదని డోర్కాస్‌కి తెలుసు. అయినా ఎత్తింది.

"కన్నావత్తా. ఇప్పటికీ కుడికాలి బూటు ఎడమకాలికి తొడుక్కుంటాడు. ఎందుకలా అయ్యాడని ఎవరన్నా అడిగామా?"

రాకెల్ చెయ్యి జబ్బ మీంచి జారింది. అప్పటికే కప్పు నింపుకుని పక్కన నిలబడ్డ ఆమె మొగుడు హెండ్రిక్, తాగబోయినవాడల్లా ఆగి, వంగి తన బూట్ల వంక చూసుకున్నాడు.

ఫ్లోరిస్ నవ్వి, బోర్లించిన కప్పు మీదే గరిటెడు సారా ఒంపాడు. మళ్లీ ముంచి మళ్లీ ఒంపాడు. ఆమె వేళ్ల సందుల్లోంచి ఎర్రగా కారి మట్టిలో ఇంకింది. డోర్కాస్ కప్పు తిప్పలేదు.