నూట పన్నెండు పేజీల యుద్ధం

భోజనాల బల్ల మీద పరిచిన ఆకుపచ్చ దుప్పటి ఎంత నడిచినా తరగడం లేదు, అంచు దగ్గర పడిందనుకున్నప్పుడల్లా ఇంకో మడత విప్పుకుని అనకాపల్లి పొలిమేర దాటిపోతోంది, కుముదిని మాత్రం కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఏటికొప్పాక లక్కబొమ్మ సైనికుల మధ్యనించి ఒక్కణ్ణీ కాలితో తన్నకుండా నడుస్తూనే ఉంది. బొటనవేలంత ఉండాల్సిన ఏనుగులు ఇవాళ ఆమె నడుముదాకా ఉన్నాయి. అవతలి కొసన, పోయి ఏడాదైన మామగారు జోగారావు మాస్టారు, కాలేజీలో చరిత్ర చెప్పినన్నాళ్ళూ వేసుకున్న చేతుల్లేని స్వెట్టరుతో, పాచిక పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"ఆలస్యమైంది. నీ వంతు," అంటారాయన.

"చెప్పకుండా వెళ్ళిపోయింది మీరు మావయ్యగారూ. ఆలస్యం నాదా?"

ఆయన నవ్వరు. ఆటలో ఎప్పుడూ నవ్వరు.

"రేపు పొద్దున్న కాలనీ గ్రంథాలయంలో పిల్లలకి మన యుద్ధం ఆట నేర్పుతానని మాటిచ్చాను," అంటుంది కుముదిని. "వాళ్ళు ఆడకపోతే మీ అబ్బాయి ఈ సైన్యాన్నంతా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారట. మీరు రాసిన నియమాలు నూట పన్నెండు పేజీలు. నాకు ఒక్క పేజీ కావాలి."

"ఒక్క పేజీయా! వాన గురించి రాసిందే అందులో పట్టదు."

"పట్టనిది పారేస్తాను. అడగడానికే వచ్చాను, మీరు కాదన్నా పారేస్తాను."

ఆమె చంకలోని నియమాల నోటుపుస్తకం ఎప్పుడు చేటగా మారిందో తెలియదు, అందులో నియమాలన్నీ బియ్యంలా పోసి ఉన్నాయి, బల్ల ఉన్నచోట ఇప్పుడు బెల్లం మార్కెట్టు, ఇద్దరూ చెరో బెల్లం దిమ్మె మీద కూర్చున్నారు, అది ఇద్దరికీ వింతగా లేదు. ఆమె వేలితో ఒక రాయి ఏరుతుంది.

"నలభై ఒకటో పేజీ. వాన పడితే ఏనుగు సగం దూరమే నడవాలి. ఎందుకూ?"

"బురద కదమ్మాయ్. ఏనుగు బరువు..."

"నా ఏనుగులు మీ కోట పట్టుకున్న మర్నాడు రాశారు. పక్కన తారీఖు ఉంది."

మాస్టారు గొంతు సవరించుకుంటారు.

"అరవయ్యో పేజీ. భోజనం వేళ దాటాక పట్టిన కోట చెల్లదు."

"సైన్యానికి విశ్రాంతి..."

"పొయ్యి మీద పప్పు పెట్టొచ్చి మరీ నేను గెలిచిన రోజది."

"నువ్వు తారీఖులు చూస్తావనుకోలేదు."

"చరిత్ర మాస్టారి కోడల్ని."

ఆమె చెరుగుతూనే ఉంది, పొట్టు అంతా గాలికి పోతోంది, చివరికి చేటలో మూడే గింజలు మిగులుతాయి: నడవడం, పాచిక వేసి తలపడడం, కోట పట్టుకోవడం. ఆయన ఆ మూడింటినీ వేలితో ఒక వరసలో పెడతారు.

"ఓడిన ఉక్రోషంతోనే అన్నీ రాయలేదమ్మాయ్. ఆట తొందరగా అయిపోతే నువ్వు వంటింట్లోకి వెళ్ళిపోతావని."

"ఆ మాటే రాసుంటే ఒక్క లైనులో పోయేది కదా," అంటుంది, చేట మీంచి తల ఎత్తకుండా.

"సరేలే. మరి కొలత? నడవడమంటే ఎంతని?"

"జానెడు. ప్రతి పిల్లకీ చెయ్యి ఉంది, టేపు కొనక్కర్లేదు."

"ఎవరి జానెడు? పెద్ద చెయ్యి వాడి సైన్యం పరిగెడుతుంది, చిన్న చెయ్యి వాడిది పాకుతుంది. గంటలో తన్నుకుంటారు."

చేట లేదు, మార్కెట్టు లేదు, మళ్ళీ దుప్పటే, దాని మీద ఆమె జాన చాపుతుంది, పక్కనే ఆయన చాపుతారు, ఆయనది ఇద్దరు సైనికులంత ఎక్కువ. అప్పుడాయన తన వేళ్ళను మెల్లగా దగ్గరికి లాక్కుంటారు, ఆమె జానకి సరిపోయేదాకా.

"ఆడే ఇద్దరిలో ఎవరి చెయ్యి చిన్నదో, ఆ జానే ఇద్దరికీ. రాసుకో."

"ఇది ఎన్నో పేజీలోది?"

"ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ నీ సైన్యాన్ని నీ జానతో నడవనిచ్చి, నాదాన్ని నా జానతోనే నడిపాను." ఆయన ఇప్పుడు నవ్వుతున్నారు. "అయినా నువ్వే గెలిచావు."

"అన్యాయం మావయ్య..."

కుముదిని కళ్ళు తెరుస్తుంది. మధ్యాహ్నం మూడున్నర ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. పరుపు మీద ఆమె కుడిచెయ్యి, బొటనవేలినించి చిటికెనవేలిదాకా, నొప్పి పుట్టేంతగా చాపి ఉంది. దాన్ని కదపకుండా, ఎడంచేత్తోనే పెన్ను అందుకుని, దిండు పక్కనున్న ఖాళీ పేజీ మీద వంకర అక్షరాలతో మొదటి నియమం రాయడం మొదలుపెడుతుంది.