నున్నటి నేల

అత్తగారిని ఇంట్లోకి రానివ్వకుండా ఉండడానికి రోజూ తలనొప్పి తెచ్చుకునే కోడళ్ళని చూశాను. మొగుడి చెవిలో జోరీగలా పోరి వేరు కాపురం పెట్టించుకున్నవాళ్ళనీ చూశాను. ఆ పనికి టైల్స్ ఎంచుకున్నది మాత్రం మా ఎదురింటి రీహామ్ ఒక్కతే.

మన్సూరాలో మా భవనానికి లిఫ్టు లేదు. ఐదో అంతస్తులో నేను, నాకు ఎదురుగా ఎన్నాళ్ళ నుంచో తాళం వేసి ఉన్న ఫ్లాటు. దాన్ని మమ్‌దూహ్ కొన్నాడు. కొన్నాడంటే అతని సంపాదన కాదు. నైలు నది అవతల తల్ఖాలో తన పేరున ఉన్న ఇల్లు అమ్మి వాళ్ళమ్మ తఫీదా అతని చేతిలో పెట్టింది. కొత్తింట్లో ఒక గది తనదని మాట తీసుకుంది. మమ్‌దూహ్ భార్య రీహామ్ నవ్వుతూ తల ఊపింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అత్తగారి వంటింట్లో, అత్తగారి కళ్ళ ముందు బతికిన మనిషి ఆమె. తనకంటూ ఒక ఇల్లుండాలి, అందులో ఆ ముసలావిడ నీడ కూడా పడకూడదు. ఆమెకున్న కోరిక అదొక్కటే.

"నేను ములూఖియ్యా ఆకుకూర వండితే ఆవిడ గరిటె పెట్టి తిప్పి చూస్తుంది పిన్నీ. ఆకు సరిగ్గా తరగలేదని గిన్నెడూ తీసుకెళ్ళి పక్కింటి బాతులకి పోసింది ఒకసారి. మర్నాడు వాళ్ళింటికెళ్ళి, బాతులు తిన్నాయా అని అడిగొచ్చింది కూడా" అని నాతో చెప్పుకుంది.

తఫీదా నిజంగానే అంత మనిషి. నాకు ఇద్దరి మీదా జాలి లేదు. అందుకే ఈ కథ చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు దొరకరు.

బేరం ఆడడానికి పనికొస్తానని టైల్స్ షాపుకి నన్ను వెంటబెట్టుకెళ్ళారు. అప్పటికే తఫీదా ఒకసారి స్నానాల గదిలో జారి పడింది. కర్ర లేకుండా నడవలేదు. నున్నటి నేల మీద అడుగు పెట్టనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మమ్‌దూహ్ లోపలికి వెళ్ళగానే మట్టిరంగు గరుకు టైల్స్ దగ్గర ఆగి వేళ్ళతో రాసి చూశాడు.

"ఇవి బాగున్నాయి. అమ్మకి కాలు పట్టు దొరుకుతుంది."

"ఇవా? మనం కొనుక్కున్నది ఇల్లా, బస్టాండా?" అంది రీహామ్.

ఆమె చూపు తెల్లగా, ధగధగా మెరిసే పెద్ద పలకల మీద ఉంది. షాపాయన ఆమె చూపు కనిపెట్టాడు. "ఇంట్లో పెద్దవాళ్ళుంటే అవి వద్దమ్మా. చూడడానికే అందం. నీళ్ళు పడ్డాయంటే ఇంతే" అంటూ చేతిలో ఉన్న గ్లాసులోంచి కాసిని నీళ్ళు పలక మీద ఒలకబోసి, దాని మీద బూటు కాలు పెట్టి చూపించబోయాడు. కాలు సర్రున జారింది. బల్ల పట్టుకుని ఎలాగో నిలదొక్కుకున్నాడు. నేనూ మమ్‌దూహూ పడీ పడీ నవ్వాం. రీహామ్ నవ్వలేదు. ఆ తడి పలక వైపు అలా చూస్తూ ఉండిపోయింది.

"ఇవే కావాలి. మనది వెలుతురు రాని ఇల్లు. మెరిసే నేలయితే కాస్త వెలుగుంటుంది" అంది.

మమ్‌దూహ్ పెళ్ళాం మాట మీద ఎప్పుడూ రెండో మాట అనలేదు. తల్లి మాట మీదా అనలేదనుకోండి. ఆ రోజు అక్కడ తల్లి లేదు.

ఇంటికి తిరిగొస్తూ మెట్లెక్కేటప్పుడు అతను ముందు పోయాక రీహామ్ మోచెయ్యి పట్టుకుని ఆపాను. "ఏమే, మీ అత్తగారు దాని మీద ఎలా నడుస్తుందే?"

"నడవదు పిన్నీ. గుమ్మంలో నిలబడి చూస్తుంది. డాక్టరు మాట గుర్తొస్తుంది. తన్‌తాలో కూతురు సనా ఇంటికి పోతుంది. నేను పెదవి విప్పక్కర్లేదు."

దాని బుర్రకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

కొత్తింట్లోకి దిగింది శుక్రవారం. పొద్దున్నే రీహామ్ నేలంతా సబ్బు నీళ్ళతో కడిగింది. వైపర్ పెట్టి లాగింది గానీ, గుమ్మం దగ్గర మాత్రం ఆ చెయ్యి అంత శ్రద్ధగా ఆడలేదు. నేను చక్కెర పొట్లం తీసుకుని వెళ్ళేసరికి వంటింట్లోంచి బియ్యం కూరిన పావురాల వాసన ఘుమఘుమలాడుతోంది. నమాజు అయ్యాక తఫీదా వచ్చింది. ప్రతి అంతస్తులోనూ ఆగి, రొప్పుతూ, దారిలో కనిపించినవాళ్ళనందర్నీ తిడుతూ ఎక్కింది. మమ్‌దూహ్ చేతిలో ఆమెది ఒక చిన్న చేతిసంచి ఉంది, అంతే.

"మిగతా సామానంతా వెనకాల వ్యాన్లో వస్తోందేమో" అని రీహామ్ పళ్ళు నూరుతూ నా చెవిలో అంది.

తఫీదా గుమ్మంలో ఆగి నేల చూసింది. "ఏమే కోడలా, ఇది నేలా, నైలు నదా? దాటాలంటే పడవ కట్టాలా?"

రీహామ్ గొంతులో తేనె పోసుకుంది. "అయ్యో అత్తయ్యా, నాకూ భయంగానే ఉంది. డాక్టరు ఏమన్నాడో తెలుసుగా. మీరు సనా వదిన దగ్గరుంటేనే సుఖం. వాళ్ళింట్లో అన్ని గదుల్లోనూ తివాచీలున్నాయి."

తఫీదా ఆమెని కింది నుంచి పైదాకా చూసింది. "నా ఇల్లమ్మి కొన్న ఇంట్లో నడవడానికి నాకు డాక్టరు చీటీ కావాలా?" అంది. కొడుకు పట్టుకోబోతే చెయ్యి విదిలించేసింది. కర్ర ముందుకు వేసింది.

ముందు కర్ర జారింది. తర్వాత ఆమె జారింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు గానీ ఎముక గుల్లబారిపోయింది, ఇక ఆమె లేచి నడవదన్నారు. ఒకసారి పైకి మోసుకెళ్ళాక మళ్ళీ మెట్ల మీద దించారంటే ఆ అతుకు నిలవదని డాక్టరు చెప్పాడు. రీహామ్ తన్‌తా పేరెత్తబోయింది. మమ్‌దూహ్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతెత్తాడు. "మా అమ్మ నా ఇంట్లో పడింది. నా ఇంట్లోనే ఉంటుంది!"

అత్తగారి కోసమని రీహామ్ ఏరి ఏరి అన్నిటికంటే ఇరుకు గది పెట్టింది. ఆసుపత్రి మంచం ఆ తలుపులో పట్టలేదు. దాంతో అది నట్టనడి హాల్లోకి వచ్చింది. బంగారు రంగు సోఫాలు గోడకి ఆనించి ఒకదాని మీద ఒకటి పేర్చారు.

అసలు శిక్ష ఆ తర్వాత మొదలయింది. తఫీదాకి లేచి కూర్చునే వీల్లేదు. తల పక్కకి వాల్చి, నేల వైపు చూస్తూ పడుకుంటుంది. ఆ నేల అద్దంలా ఉంది. ఎవరొచ్చారు, ఎవరు పోయారు, కోడలు వీపు వెనక ఎవరికి ఏ సైగ చేసింది, అన్నీ ఆమెకి అందులో తలకిందులుగా కనిపిస్తాయి. రీహామ్ మంచానికి అడ్డంగా తెర కట్టింది. తెర కింద జానెడు ఖాళీ ఉంది, తఫీదాకి అది చాలు.

"మూతి తిప్పకు. కనిపిస్తోంది" అని తెర అవతల నుంచి వినబడేది. "ఆ పావురం తొడ కంచం కింద దాస్తున్నావేం? నా కొడుక్కి పెట్టు."

రీహామ్ తివాచీ కొనుక్కొచ్చి పరిచింది. దుమ్ముకి ఊపిరాడడం లేదని తఫీదా దగ్గి దగ్గి కొడుకుని ఏడిపించింది. సాయంత్రానికి తివాచీ చుట్ట చుట్టి మా ఇంటికి పంపేశారు. ఇప్పుడు మా హాల్లోనే ఉంది, చాలా మంచి తివాచీ. రీహామ్ రోజూ మోకాళ్ళ మీద కూర్చుని ఆ నేల తుడుస్తుంది. ఒక మరక మిగిలినా తఫీదా వేలు పెట్టి చూపిస్తుంది. మురికి పడితే తనకి కనిపించదు మరి.

మొన్న సూప్ పట్టుకుని వెళ్ళాను. తెర అవతల రీహామ్ బట్టలు మడత పెడుతోంది.

"కొత్తింట్లోకి రావడానికి అంత చిన్న సంచి తెచ్చావేం పెద్దమ్మా?" అని అడిగాను. చాలా రోజులుగా నా కడుపులో ఉన్న ప్రశ్న అది.

"ఉండడానికి ఎవరొచ్చారే? గది నాదని మాట తీసుకున్నది హక్కు కోసం. ఐదో అంతస్తు, లిఫ్టు లేదు. నాకేం పిచ్చా? తన్‌తాలో సనా గది సిద్ధం చేసి పెట్టింది. ఇల్లు చూసి, దీవించి, రెండ్రోజులుండి పోదామనే వచ్చా." సూప్ ఒక గుక్క తాగింది. "గుమ్మంలోనే పొమ్మంది చూడు. ఆ మాట అనకపోతే బయటే కుర్చీ వేయించుకుని కూర్చునేదాన్ని, నేల ఆరేదాకా. ఈ సంగతి దీనికి చెప్పొద్దని సనా నోరు కూడా నేనే కట్టేశా."

తెర అవతల మడతల చప్పుడు ఆగిపోయింది.

తఫీదా తెర వైపు తల తిప్పలేదు. నేల వైపే చూసింది. నేనూ వంగి చూశాను. తెల్లటి పలకలో తలకిందులుగా రీహామ్ మొహం, చేతిలో సగం మడత పెట్టిన దుప్పటి.

"ఏడవకే" అంది తఫీదా మెత్తగా. "నేల తడుస్తుంది. జారి పడతావు."