ఊరికే పెట్టిన పేరు

"నా దిండెవరు తీశారు?"

అత్తగారు ఒక కాలు కారు లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయింది. మోకాళ్ల నొప్పుల మనిషి. మామూలుగా అయితే ఆ భంగిమలో నిలబడటం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. కోపం వస్తే మాత్రం అన్నీ అవుతాయి.

"నేనే తీశాను అత్తయ్యా. డిక్కీలో పెట్టాను," అంది కోడలు స్టీరింగు ముందు నుంచి.

"నేను కూర్చునేది డిక్కీలోనా, వెనక సీట్లోనా?"

"నడుముకి పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మీరు దాన్ని ఆ పక్కనున్న జాలీకి ఆనిస్తున్నారు. బండి గాలి పీల్చుకునేది అక్కణ్ణుంచే. ముక్కు మూసేసినట్టే అవుతుంది."

"విన్నావురా?" ముందు సీట్లో ఫోను చూసుకుంటున్న కొడుకుని కేకేసింది అత్తగారు. "బండికి ముక్కుందట! ఇంకా నయం, జలుబు చేసింది, ఆవిరి పట్టాలి అనలేదు."

కొడుకు నవ్వాడు. తల ఎత్తకుండానే, "ఒక్క దిండుకి ఇంత రాద్ధాంతమా? ఇచ్చెయ్యరాదూ. ఊరికే ఏదో ఒకటి పట్టుకుంటావు," అన్నాడు.

కోడలు దిగింది, డిక్కీ తెరిచింది, దిండు తెచ్చి ఇచ్చింది. దానికి మెరూన్ రంగు ఉన్ని తొడుగు. ఎన్నిసార్లు ఉతికినా నూగు రాలుతూనే ఉంటుంది. అత్తగారు దాన్ని సరిగ్గా జాలీకే ఆనించి, తల వాల్చి, "హమ్మయ్య, ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది," అంది. వెనక సీటు కింద ఉండే పెద్ద బ్యాటరీని చల్లబరచడానికి ఒక ఫ్యాను ఆ జాలీలోంచే కారులోని గాలిని లాక్కుంటుంది. చెవి పెట్టి వినేవాళ్లకి ఆ చప్పుడు సన్నగా వినిపిస్తుంది. ఆ మధ్యాహ్నం అది సన్నగా లేదు. ఉబ్బసం మనిషిలా రొప్పుతోంది. మండుటెండలో ఫ్లైఓవరు ఎక్కుతుండగా కోడలి కళ్లముందు, స్టీరింగు వెనక మీటర్ల మధ్య, పసుపుపచ్చ హెచ్చరిక దీపం వెలిగింది.

"అయిపోయింది, బండి పని అయిపోయింది," అన్నాడు భర్త, బయలుదేరాక మొదటిసారి ఫోనులోంచి తలెత్తి.

ఆ ఇంట్లో చీపురుకన్నా ఎక్కువ అరిగిపోయినది 'ఊరికే' అనే మాట. ఊరికే ఇంట్లో ఉంటావుగా, పిల్లల్ని ట్యూషన్‌కి దింపిరా. ఊరికే కూర్చునేదానివే కదా, అమ్మని ఫిజియోథెరపీకి తీసుకెళ్లు. దారిలోనే కదా, ఊరికే అలా స్టేషన్ దాకా వచ్చి నన్ను ఎక్కించుకో. ఇన్ని 'ఊరికే'లు కలిసి ఆ హైబ్రిడ్ కారు మీటరుని రెండు లక్షల కిలోమీటర్లు దాటించాయి. ఆ తిరుగుడు అంతా ఆమెదే. భర్తకి ట్రాఫిక్‌లో నడపడమంటే చిరాకు. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల కింద లేని బ్రేకు తొక్కుతూ, "ఆగు, ఆగు, ఆగు" అంటూ ఉంటాడు. అయినా ఇంటికొచ్చిన వాళ్లతో, "ఈ బండి ఎంత తిప్పానో తెలుసా? ఇంజను ఇంకా కొత్తదానిలానే ఉంది," అంటాడు. సొమ్మొకడిది, సోకొకడిది. ఆమె టీ కప్పులు అందిస్తూ ఆ మాట ప్రతిసారీ వింటుంది. మొదట్లో నొచ్చుకునేది, తర్వాత నవ్వుకునేది, ఈమధ్య లెక్కపెట్టడం కూడా మానేసింది.

బండి కొన్నప్పుడు కూడా అదే మాట. ఆడవాళ్ల పేరున తీసుకుంటే వడ్డీ కాస్త తగ్గుతుందని బ్యాంకాయన చెప్పాడు. "ఊరికే నీ పేరు పెడుతున్నాంలే, ఇక్కడో సంతకం చెయ్యి," అన్నాడు భర్త. చేసింది. ఆ తర్వాత ట్యూషన్ గేటు దగ్గరా, ఫిజియోథెరపీ క్లినిక్ బయటా, స్టేషన్ పార్కింగ్‌లోనూ ఎదురుచూస్తూ గడిపిన గంటల్లో, గ్లవ్ బాక్సులో ఉండే లావుపాటి మాన్యువల్ తీసి మొదటి పేజీ నుంచి చదివింది. ఆమె డిగ్రీలో చదివింది ఫిజిక్సు. 'ఫిజిక్సు చదివి పాలు పొంగకుండా చూస్తోంది మా వదిన' అని మరిది జోకు. పాలు పొంగకుండా చూడటం కూడా ఫిజిక్సే అని ఆమె ఏనాడూ బదులు చెప్పలేదు. బ్రేకు తొక్కినప్పుడల్లా ఆ ఊపుని ఈ బండి వృథా పోనివ్వదని, కరెంటుగా మార్చి దాచుకుని తర్వాత దానితోనే పరుగెడుతుందని చదివిన రోజు మాత్రం, పార్కింగ్‌లో ఒంటరిగా పకపకా నవ్వింది. ఆగు, ఆగు అనిపించుకున్నదంతా ఎక్కడికీ పోదన్నమాట.

మర్నాడు బండిని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లింది. ట్యాబు పట్టుకున్న అడ్వైజరు కుర్రాడిలా ఉన్నా మాట మాత్రం పెద్దమనిషి తరహా.

"సార్ నంబరు చెప్పండి మేడమ్. ఏదైనా ఉంటే సార్‌తో మాట్లాడతాం. మీరలా సోఫాలో కూర్చోండి, కాఫీ ఊరికే ఇస్తారు."

ఆ మాట ఇక్కడ కూడా ఉందన్నమాట. ఆమె సోఫాలో కూర్చుంది. అద్దం అవతల ఆమె భర్తతో ఫోనులో మాట్లాడుతున్న అతని గొంతు వినిపించింది. "బ్యాటరీ బాగా వేడెక్కింది సార్... వారంటీ ఈ నెలాఖరుతో అయిపోతుంది... ఇంత తిరిగిన బండి కదా సార్, బ్యాటరీ పోతే భరించలేం... ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చెయ్యడమే బెటర్." కాఫీ చల్లారేలోపల ఆమె బండి భవిష్యత్తు తేలిపోయింది. ఆమెనెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. దీపం ఎప్పుడు వెలిగింది, మెట్ట మీదా, పల్లంలోనా, వెనక ఎవరు కూర్చున్నారు, ఏదీ అడగలేదు. చిన్నపిల్లకి జ్వరం వస్తే డాక్టరు తల్లిని అడక్కుండా ఆఫీసులో ఉన్న తండ్రికి ఫోను చేసినట్టు.

ఇంటికొచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ సోఫాలో కొత్త బండి బొమ్మలు చూసుకుంటున్నారు. ఏడుగురు పట్టే పెద్ద బండి.

"మరి దీన్ని నేను నడపగలనా?" అంది ఆమె, మెడ వంచి చూస్తూ.

"నీకెందుకు శ్రమ?" అన్నాడు భర్త ప్రేమగానే. "అంత పెద్ద బండి, సందుల్లో గీతలు పడతాయి. డ్రైవర్ని పెడదాం. నువ్వెక్కడికైనా వెళ్లాలంటే చెప్పు, అతను ఖాళీగా ఉంటే తీసుకెళ్తాడు."

"వదినకి రిటైర్‌మెంట్ ఇచ్చేశాడు అన్నయ్య!" అన్నాడు మరిది.

అందరూ నవ్వారు. ఆమెకి మాత్రం చేతిలోని తాళంచెవి ఒక్కసారిగా బరువెక్కింది. ఊరి చివరి కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు చూసుకోవడానికి మధ్యాహ్నం పూట మనిషి కావాలని, తనతోపాటు చదువుకున్న స్నేహితురాలు పది రోజులుగా చెబుతోంది. అక్కడికి బస్సు లేదు. సోమవారంలోగా ఏ మాటా చెప్పకపోతే వేరేవాళ్లని తీసుకుంటారు. ఇంట్లో ఇంకా నోరు విప్పలేదు. బండి ఉంది కదా, ఎలాగో అలా సర్దుకోవచ్చు అనుకుంది. ఇప్పుడు బండి పోతే ఉద్యోగమూ పోతుంది. అంతకన్నా ముందు, ఎవరినీ అడగకుండా గేటు దాటి వెళ్లగలిగే ఆ కాస్త వీలూ పోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు తీసుకెళ్తాడట. ఎవరి ఖాళీ? డ్రైవరు ఖాళీయా, తన ఖాళీయా?

భర్త అమ్మకం కాగితం టీపాయ్ మీద పెట్టాడు. "బండి నీ పేరున ఉంది కదా, ఊరికే ఒక సంతకం పడెయ్యి. ఆదివారం తమ్ముడు తీసుకెళ్తాడు."

"చదివి పెడతాను," అంది ఆమె.

"చదవడానికేముంది అందులో?"

"ఏముందో చదివితేనే కదా తెలిసేది."

మర్నాడు ఉదయం, అందరి టిఫిన్లూ అయ్యాక, ఆమె పెరట్లో బండి వెనక తలుపు తెరిచి జాలీ మూత పట్టుకుని లాగింది. క్లిప్పులు టప్పున ఊడాయి. లోపలి వడపోత జల్లెడ కనిపించనే లేదు. దానిమీద మెరూన్ రంగు నూగు మందంగా, మెత్తగా, చలికాలపు దుప్పటిలా పేరుకుపోయి ఉంది. ఆమె దాన్ని పొరపొరలుగా ఒలిచి అరచేతిలో పెట్టుకుని చూసింది. గోరుతో పోయేదానికి వీళ్లు గొడ్డలి తెస్తున్నారు. పాత టూత్‌బ్రష్‌తో దులిపింది, కడిగి నీడలో ఆరబెట్టింది, తిరిగి బిగించింది. బండి స్టార్టు చేసి ఫ్లైఓవరు దాకా వెళ్లి ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. ఎండ అదే, మెట్ట అదే. దీపం వెలగలేదు. అలాగని అంతటితో పొంగిపోయే మనిషి కాదు ఆమె. వేడికి బ్యాటరీ లోపల ఏమైనా దెబ్బతిందేమో పరీక్ష చేస్తే తప్ప తెలియదు. అటునుంచి అటే సర్వీస్ సెంటర్‌కి తిప్పింది.

"పెద్ద బ్యాటరీకి హెల్త్ చెక్ చెయ్యండి," అంది అడ్వైజరుతో. "సెల్స్ అన్నీ ఒకేలా ఉన్నాయో, ఏదైనా వెనకబడిందో చూపించండి. కూలింగ్ ఫ్యానూ చూడండి. ఇన్వర్టర్ కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్చే టైమైంది, మార్చండి. బ్రేక్ ప్యాడ్లు మార్చకండి, వాటికి ఇంకా చాలా జీవితం ఉంది. ఈ బండిలో అవి తొందరగా అరగవు."

అతను ట్యాబు మీద వేలు ఆపాడు. "సార్‌ని ఒకసారి అడిగి..."

"బండి ఎవరి పేరున ఉందో చూడండి."

అతను చూశాడు. మళ్లీ చూశాడు. "మీ పేరే మేడమ్."

"అయితే మీరడగాల్సిన ఆ సారు నేనే."

పక్క బల్ల దగ్గర బిల్లులు రాసే అమ్మాయి కిసుక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అడ్వైజరు కూడా నవ్వాడు. పాపం, చెడ్డవాడేం కాదు. ఈసారి సోఫా చూపించలేదు, తెర ముందుకే పిలిచాడు. సెల్స్ గీతలన్నీ బడిలో వరసలో నిలబడ్డ పిల్లల్లా సమానంగా నిలబడ్డాయి. "బ్యాటరీ బాగుంది మేడమ్," అన్నాడతను, తనే ఆశ్చర్యపోతూ.

"ఇప్పుడు వారంటీ సంగతి చెప్పండి."

అతను ముందుగా బయటి కంపెనీ కాగితం తీశాడు. తక్కువలో వస్తుంది, 'అన్నీ కవర్ అవుతాయి' అన్నాడు. ఆమె వెనక్కి తిప్పి, చీమల బారులాంటి అక్షరాలు చదివింది. అన్నీ ఉన్నాయి, హైబ్రిడ్ బ్యాటరీ ఒక్కటి తప్ప. కొబ్బరికాయ ఇచ్చి లోపలి కొబ్బరి మాది కాదన్నట్టుంది. దాన్ని మర్యాదగా పక్కన పెట్టింది. రెండోది బండి కంపెనీది. ఏడాదికోసారి పొడిగించుకోవచ్చు, ఏటా ఇక్కడే హెల్త్ చెక్ చేయించాలి, జాలీ శుభ్రంగా ఉంచాలి. ఉంచకపోతే నిర్లక్ష్యం కింద లెక్క, అప్పుడు ఎవరి పూచీ ఉండదు. ఆ వాక్యం దగ్గర ఆమె చూపు ఆగింది. బండి కంపెనీకి కూడా తెలిసినట్టుంది, రోజూ ఊపిరాడకుండా చేస్తే ఆ తర్వాత వచ్చే రోగాన్ని అరుగుదల అనకూడదని. తన పొదుపు ఖాతాలోంచి కట్టింది. కాగితం చివరిదాకా చదివి, పూర్తి పేరుతో, పొట్టి చేయకుండా, సంతకం పెట్టింది. పార్కింగ్‌లోకి వచ్చి స్నేహితురాలికి ఫోను చేసి, "వస్తున్నాను," అంది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. మరిది వచ్చాడు, కొత్త బండి ఏ రంగైతే బాగుంటుందో చర్చ నడుస్తోంది. అత్తగారికి తెలుపు కావాలి. ఆమె అందరికీ వడ్డించింది. రోజూ అయితే అందరూ లేచాకే కూర్చుంటుంది. ఇవాళ తన కంచం కూడా తెచ్చుకుని మధ్య కుర్చీలో కూర్చుంది. అత్తగారు అది గమనించింది గానీ, ముద్ద నోట్లో ఉండటం వల్ల ఏమీ అనలేకపోయింది.

"సంతకం పెట్టావా?" అన్నాడు భర్త.

"పెట్టాను."

"హమ్మయ్య!" అన్నాడు మరిది. "నేను చెప్పలా అన్నయ్యా, వదిన బంగారం అని."

"అమ్మకం కాగితం మీద కాదు," అంది ఆమె కూర వడ్డించుకుంటూ. "వారంటీ పొడిగింపు మీద. బ్యాటరీకి ఏ జబ్బూ లేదు. జాలీలో దిండు నూగు నిండింది, తీసేశాను. బండి అమ్మడం లేదు."

భర్త చేతిలోని ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు.

"అడక్కుండా ఎలా చేస్తావు? అసలు ఆ బండి..." భర్త ఆగాడు. "ఊరికే నీ పేరు పెట్టాం గానీ..."

"ఊరికే పెట్టారు. నేను ఊరికే తిప్పలేదు." ఆమె గొంతు పెంచలేదు. "రేపటి నుంచి మధ్యాహ్నాలు కాలేజీ ల్యాబులో పనికి వెళ్తున్నాను. బండి నాతో వస్తుంది. మీకు పెద్ద బండి కావాలంటే కొనుక్కోండి, డ్రైవర్ని పెట్టుకోండి. నేను వద్దనను."

"మరి నా మోకాళ్ల సంగతి?" అంది అత్తగారు.

"మీ ఫిజియోథెరపీ పొద్దుటికి మార్పించాను అత్తయ్యా. తొమ్మిదింటికి వెళ్దాం. దిండు మాత్రం నడుముకే."

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది, తర్వాత కొడుకు ముఖంలోకి చూసింది. ఎవరి వైపు మొగ్గాలా అని తూకం వేసుకుంటున్నట్టు కాసేపు నమిలింది. ఆవిడ తన జన్మలో ఏ బండిలోనూ ముందు సీట్లో కూర్చోలేదు. మొదట్లో అక్కడ మొగుడు కూర్చున్నాడు, తర్వాత కొడుకులు.

"వెనకాల ఆ ముక్కు మూసుకుపోతుందేమోనని హడిలి చచ్చే బదులు, నేనే ముందు కూర్చుంటానే," అంది చివరికి. "దారి కూడా కనిపిస్తుంది."

"మరి మీతో స్టేషన్ దాకా వచ్చేటప్పుడు నేనెక్కడ కూర్చోవాలి?" అన్నాడు భర్త, నిజంగానే అర్థంకాక.

ఆమె అతని కంచంలో ఇంకాస్త కూర వేసింది.

"వెనక సీట్లో కూర్చోండి. కాస్త జాలీకి అడ్డం రాకుండా."