రోడ్డు మీద పాలకమండలి

లాఠీ దాల్వా నెత్తిన పడింది. యూనివర్సిటీ వంటశాలలో పదిహేడేళ్ళుగా నల్ల చిక్కుళ్ళు ఉడకబెట్టి పిల్లల కడుపులు నింపుతున్న మనిషి. "మేం ఓటేసింది ఎవరికి? వచ్చింది ఎవడు?" అని గేటు ముందు పోలీసును నిలదీసింది. అంతే ఆమె నేరం.

జురేమా పరుగెత్తుకెళ్ళి ఆమెను పట్టుకుంది. చేతులు రెండూ రక్తమయ్యాయి. బయీయా రాష్ట్రంలోని ఆ యూనివర్సిటీని నడిపే రెక్టర్‌గా గెలిచిన మొదటి నల్లజాతి స్త్రీ జురేమా. విద్యార్థులూ పంతుళ్ళూ ఊడ్చేవాళ్ళూ కలిసి గెలిపించారు. రాజధానిలోని ప్రభుత్వం మాత్రం ఓట్లలో మూడో స్థానంలో వచ్చిన తెల్లజాతి అమదేవును నియమించింది.

ఆ అమదేవే పోలీసుల నడుమ కారు దిగాడు.

"జురేమా గారూ, ఉపరెక్టర్ పదవి మీకే. ముందు వీళ్ళను ఇళ్ళకు పంపండి. మీవాళ్ళు ఒకరు పక్కనుంటే ఫోటోకీ బావుంటుంది."

ఇలాంటి మాటలు ముప్పై ఏళ్ళుగా మింగుతూనే ఆమె ఇంతదాకా ఎక్కి వచ్చింది. దీన్నీ మింగి, జనం వైపు తిరిగి, "కోర్టుకెళదాం," అంది.

"కోర్టా?" దాల్వా తలకు గుడ్డ అదిమిపట్టుకుని లేచింది. "తీర్పొచ్చేలోగా వీడి పదవే అయిపోద్ది తల్లీ! ఆ ఓట్లు నీ సొత్తా? మావి! వదులుకోడానికి నువ్వెవరివి?"

జురేమాకు చెంప మీద కొట్టినట్టయింది.

"ఆ కారు తగలెడదాం!" అరిచాడు విద్యార్థి నాయకుడు బిరా.

"తగలెడితే ఇంకోటి పంపుతారు. కుర్చీలు తేండ్రా, మండలి ఇక్కడే కూర్చుంటది!" అంది దాల్వా.

వంటశాల కుర్చీలు రోడ్డెక్కాయి. జురేమా కూర్చుంది.

"పాలకమండలి సమావేశం మొదలైంది. మొదటి అంశం. పైనుంచి దింపిన రెక్టర్‌ను ఒప్పుకోనివాళ్ళు చేతులెత్తండి."

వందల చేతులు లేచాయి. వాటి మీదికే పొగగుండ్లు వచ్చిపడ్డాయి. రబ్బరు తూటాకు బిరా దవడ పగిలింది. బూటు తొక్కిడికి జురేమా మోచెయ్యి పుటుక్కుమంది. ఇంకో తూటా ఆమె ఎడమ కంటిని చిదిమింది. ఆమెను జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి పోలీసు బండిలో పడేశారు.

"ఇదేనే నీ కుర్చీ!" అని నవ్వాడొక పోలీసు.

ఇనుప జాలీలోంచి ఆమె మిగిలిన కంటితో చూసింది. పొగలో చెదిరినవాళ్ళు దగ్గుకుంటూ, కుంటుకుంటూ తిరిగి వస్తున్నారు. పడిపోయిన కుర్చీ నిలబెట్టి దాల్వా అందులో కూర్చుంది.

"మన రెక్టర్ని ఎత్తుకుపోతన్నారు. సమావేశం అయిపోయిందని ఎవడన్నాడు? రెండో అంశం! ఆ బండి ఈ రోడ్డు దాటకూడదు. చేతులెత్తండి!"

డ్రైవర్ హారన్ కొట్టాడు. జనం బండి ముందు బైఠాయించారు. ఎత్తిన చెయ్యి ఒక్కటీ దిగలేదు.