దిబ్బలపాలెం ఇసుకలో ఒక పేరు

నేను ఒక ఇత్తడి ఈలను. ఎడ్విన్ కెర్షా అనే కుర్రవాడు బంగాళాఖాతంలో పోయిన రోజు నుంచి నా కథ మొదలుపెడతాను. నన్ను తయారుచేసింది అలాంటి రోజు కోసమే.

అది 1944 అక్టోబరు. మాది నాలుగు ఇంజన్ల బాంబర్ విమానం. అమెరికాలో పుట్టి, బ్రిటిష్ వాయుసేన గుర్తులు వేసుకుంది. బర్మాలో రైలు వంతెన మీద బాంబులు వేసి, బెంగాల్లోని మా స్థావరానికి తిరిగి వస్తున్నాం. దారిలో ఉరుముల మబ్బు కొండలా అడ్డం నిలిచింది. దాన్ని తప్పించుకోవాలని పైలట్ నైరుతి వైపు చాలా దూరం తిప్పాడు. మబ్బు దాటేసరికి పెట్రోలు అయిపోయింది. విమానాన్ని నీళ్ళ మీద దింపడానికి అతను చేయగలిగినదంతా చేశాడు. పైనుంచి చూస్తే మెత్తగా కనిపించిన సముద్రం తాకేసరికి రాతి నేల అయింది. విమానం రెక్కల వెనక రెండుగా విరిగింది. ఎడ్విన్ తోక భాగంలో తుపాకీ దగ్గర కూర్చునేవాడు. అందువల్ల నీళ్ళలోకి రాగలిగాడు.

విమానంలోని ఎనిమిది మంది కాలర్లకూ ఎనిమిది ఈలలు ఉండేవి. కెరటాల మధ్య మనిషికి మనిషి కనిపించడు, అరిస్తే గొంతు పోతుంది. ఈల అయితే దూరం వినిపిస్తుంది. ఒకరి కూత విని మరొకరు ఈదుకుంటూ రావాలి, అందరూ ఒకచోట చేరాలి. మా ఉద్యోగం అంతే. మొదట మరో రెండు ఈలలు జవాబిచ్చాయి. కాసేపటికి ఒకటే పలికింది. తర్వాత అదీ ఆగిపోయింది. ఎడ్విన్ మాత్రం ఆ మధ్యాహ్నమంతా నన్ను ఊదుతూనే ఉన్నాడు. చివరికి అతని ఊపిరి నన్ను తడపడానికే సరిపోయింది, పలికించడానికి సరిపోలేదు.

నేను పుట్టింది బర్మింగ్‌హామ్‌లో. అక్కడ ఒక కార్ఖానాలో ఆడవాళ్ళు బల్లల ముందు వరుసగా కూర్చుని ఈలలు అతికేవారు. చివర కూర్చున్నామె ఒక్కో ఈలనూ నోట పెట్టుకుని ఊది చూసేది. మొదటి ఊపిరి ఆమెది. నా ఒంటి మీద ఒక కిరీటం, రెండు అక్షరాలు, తయారైన సంవత్సరం అచ్చువేశారు. ఎవరి కాలరుకు వెళతానో అప్పటికి తెలియదు కాబట్టి పేరు వేయలేదు.

మొదట నేను ఇంగ్లండు తూర్పు భాగంలో, చదునైన పొలాల మధ్య ఉన్న ఒక విమాన స్థావరానికి వెళ్ళాను. అక్కడి భారీ బాంబర్లు చీకటి పడ్డాక జర్మనీ మీదికి వెళ్ళేవి. ఒక్కో దాంట్లో ఏడుగురు. నన్ను ఒక రేడియో ఆపరేటర్‌కు ఇచ్చారు. యుద్ధకాలంలో ఆ దేశంలో కోడిగుడ్డు కరువు. ఎగరబోయేవాళ్ళకు, ఎగిరి వచ్చినవాళ్ళకు మాత్రం వేయించిన గుడ్డు పెట్టేవారు.

ఒక సాయంత్రం అతని పక్కవాడు అన్నాడు, "నువ్వు రాకపోతే రేపటి నీ గుడ్డు నాదే. ముందే చెబుతున్నాను."

"తినరా. ఉప్పు మాత్రం తగ్గించు, ఇప్పటికే మొహం ఉబ్బి ఉంది" అన్నాడు నా యజమాని.

ఆ రోజు అతని కోటు చెయ్యి చిరిగిందని కుట్టడానికి పంపారు. వేరే కోటు అడిగి వేసుకెళ్ళాడు. పాత కోటుతో నేను దర్జీ బల్ల మీద మిగిలాను. ఆ మాట అన్నవాడూ విన్నవాడూ ఒకే విమానంలో పోయారు. ఆ గుడ్లు ఎవరు తిన్నారో నాకు తెలియదు.

మర్నాడు ఫలహారం వేళకే వాళ్ళ మంచాలు ఖాళీ చేశారు. బట్టలు మూటలు కట్టారు. సాయంత్రానికి కొత్త ఏడుగురు వచ్చి అవే మేకులకు తమ టోపీలు తగిలించారు. పాతవాళ్ళ పేర్లు ఎవరూ ఎత్తలేదు. అది కఠినత్వం అనుకున్నాను. నిజానికి పేరు ఎత్తితే మర్నాడు విమానం ఎక్కలేరు. ఆ బాంబర్ల మీద పనిచేస్తూ యుద్ధం ముగిసేలోగా పోయినవాళ్ళు యాభై వేలకు పైమాటే. వారిలో వేలమందికి సమాధి కూడా లేదు. ఎక్కడ పడ్డారో తెలియనివాళ్ళకు రాతి మీద పేరు చెక్కుతారు, పేరు తెలియని దేహానికి మట్టి మీద రాయి పెడతారు. ఆ రెండింటినీ కలిపే పని మిగిలే ఉంటుంది.

కోటుతోపాటు నన్ను గిడ్డంగిలో వేశారు. అక్కడి నుంచి ఓడలో ఇండియాకు పంపారు. బెంగాల్లో ఎర్రమట్టి మీద పరిచిన రన్‌వే పక్కన, డేరాలో, నన్ను ఎడ్విన్‌కు ఇచ్చారు. ఇరవై ఏళ్ళవాడు. తల్లి నూలుమిల్లులో పనిచేసేది, తండ్రి లేడు. ముళ్ళకు భయపడి చేప తినేవాడు కాదు. దానికి తోటివాళ్ళు ఏడిపించేవారు. అతని గురించి నాకు తెలిసినది ఇంతే. ఈలకు కబుర్లు చెప్పరు కదా.

సముద్రం అతన్ని రెండో రోజున దిబ్బలపాలెం ఒడ్డుకు చేర్చింది. భీమిలికి ఉత్తరాన ఉన్న చిన్న మత్స్యకారుల పాలెం అది. తెల్లవారుతుండగా కొందరు కలిసి ఒడ్డు నుంచి పెద్దవల లాగుతున్నారు. పసుపు రంగు రబ్బరు కోటుతో తేలుతున్న దేహాన్ని మొదట చూసినవాడు సూరాడ దానయ్య. అతనికి నలభై దాటాయి.

ఆ పాలెంలో ఒక ఆచారం ఉంది. సముద్రం ఇచ్చిన దేహాన్ని ఎవరు మొదట చూస్తే వారే ఆ మనిషికి కొడుకు. కులం అడగకూడదు, ఊరు అడగకూడదు. గుండు చేయించుకుని, మోసి, పూడ్చి, పదో రోజున అన్నం పెట్టాలి. ఆ తర్వాత ఏటా అదే తిథికి పెట్టాలి.

దానయ్య బావమరిది పోలయ్య దేహాన్ని చూసి గొంతు తగ్గించి అన్నాడు, "బావా, ఈడికి మూతిమీద మీసమైనా సరిగ్గా రానేదు. ఈడు నీకు తండ్రేటి?"

"నోరు ముయ్యిరా. ముందు సూసింది నాను."

"నానూ సూసినాను గానీ, తాబేలనుకున్నాను."

"అందుకే నీ జుట్టు నీకు మిగిలింది. కాళ్ళు పట్టు."

ఒడ్డుకు దూరంగా, కెరటం అందని ఇసుక దిబ్బ వెనక గొయ్యి తీశారు. పూడ్చే ముందు ఎడ్విన్ మెడలో ఒక తాడు కనిపించింది. దానికి రెండు బిళ్ళలు ఉన్నాయి, ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి. పోలయ్య చెయ్యి చాచాడు. దానయ్య భార్య కొర్లమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"తాయెత్తులు ముట్టకు. ఆళ్ళమ్మ కట్టుంటాది."

అవి తాయెత్తులు కావు. వాటి మీద అతని పేరూ నంబరూ అచ్చుకొట్టి ఉన్నాయి. ఎక్కడ పడినా ఇతను ఫలానా అని చెప్పడానికే వాటిని మెడలో వేస్తారు. పాలెంలో చదువు వచ్చినవాళ్ళు లేరు. వచ్చినా ఆ వేళ ఎవరూ చదివి ఉండరు. ఆమె ఆ తాడును సరిచేసి గుండెల మీద పెట్టింది. పదో రోజున అన్నం ముందు పెట్టడానికి పోయినవాడి వస్తువు ఒకటి ఉంచుకోవాలి కాబట్టి, కాలరు నుంచి నన్ను తీసి కొంగున ముడివేసుకుంది. పేరు ఉన్నవి ఇసుకలోకి వెళ్ళాయి. పేరు లేని నేను పైన మిగిలాను.

వారం తిరక్కముందే మిలటరీ జీపు వచ్చింది. ఒక తెల్ల అధికారి, ఆయన మాటను తెలుగులో చెప్పడానికి ఒక దుబాసీ దిగారు. పాలెమంతా పోగైంది.

"విమానం ముక్కలు గానీ, తెల్లవాళ్ళ శవాలు గానీ కొట్టుకొచ్చాయా అని దొరగారు అడుగుతున్నారు" అన్నాడు దుబాసీ.

అందరి చూపూ దానయ్య మీదే. అధికారి కూడా అతని గుండు చూశాడు.

"ఎవరు పోయారని అడుగుతున్నారు."

"మా వోడేనండి. సముద్రంలో పోయినాడు."

"వయసెంత?"

"కుర్రోడండి."

అధికారి టోపీ తీశాడు. కాసేపు తల వంచుకుని నిలబడి ఏదో అన్నాడు. దుబాసీ దాన్ని తెలుగులో చెప్పాడు. "దుఃఖంలో ఉన్నవాళ్ళను కదిపినందుకు ఏమీ అనుకోవద్దంటున్నారు."

జీపు వెళ్ళిపోయింది. కొర్లమ్మ కొంగు ముడిలో నేను ఉన్నాను. ఊపిరి లేని ఈల ఎంత ప్రయత్నించినా పలకదు.

"ఓలమ్మో, అదేటి మావా అలగ అనీసినావు? ఆళ్ళోడి కోసం కదేటి ఒచ్చినారు!" అంది కొర్లమ్మ.

"సెప్తే ఇప్పుడే తవ్వి తీసుకుపోతారే. పదో దినం కాకుండా, మెతుకు పెట్టకుండా పంపితే ఆడు ఏ తోవన పోతాడు? కర్మ అవనీ. నానే ఎల్లి సెప్తాను."

అన్నమాట ప్రకారం పదో రోజు కర్మ ముగించి, మర్నాడే భీమిలి నడిచాడు. మిలటరీ శిబిరం గేటు దగ్గర కాపలావాడు అతన్ని చూడగానే చెయ్యి ఊపాడు.

"చేపలు వద్దు, పో. నిన్నటివే ఉన్నాయి."

"చేపలు కాదు బాబూ. దొరగోరితో ఒక మాటున్నాది."

"ఆ దొర కలకత్తా పోయాడు. నీ మాటేదో నాకు చెప్పు."

దానయ్య ఆ తుపాకీ వంక చూశాడు. శవాన్ని దాచావంటారని అప్పుడే తోచింది.

"ఏం నేదు బాబూ" అని తిరిగి వచ్చేశాడు.

ఎడ్విన్ తల్లికి ఏమని తెలిపి ఉంటారో నాకు తెలుసు. ఇంగ్లండులో ఎన్నోసార్లు విన్నాను. మొదట కనబడలేదని చెబుతారు. కొన్ని నెలలకు చనిపోయాడని భావిస్తున్నామంటారు. ఆ రెండు మాటల మధ్య ఒక తల్లి ఎలా బతుకుతుందో వాళ్ళు చెప్పరు.

దానయ్య ఏటా తిథి తప్పలేదు. కొర్లమ్మ ఆకు వేసి, ఎదురుగా నన్ను పెట్టి, అన్నమూ చేపల పులుసూ వడ్డించేది. ఏటేటా ఒకటే వంట. ముళ్ళకు భయపడే కుర్రవాడికి ఆ పాలెంలో దొరికే అతి మంచి చేప పెట్టేది. చెప్పగలిగితే నేను నవ్వుతూ చెప్పేవాణ్ణి.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్ళ తర్వాత దిబ్బలపాలెంలో బడి పెట్టారు. వెంపరాల సోమేశం మాస్టారు వచ్చారు. డ్రిల్లుకు ఈల కావాలని అడిగితే దానయ్య కూతురు నీలమ్మ నన్ను తీసుకెళ్ళి చూపించింది. మాస్టారు నా మీది కిరీటం చూశారు. నన్ను ఊదలేదు. సాయంత్రం దానయ్య ఇంటికి వచ్చి అంతా విన్నారు.

"ఆ బిళ్ళలు తాయెత్తులు కావు దానయ్యా. వాటి మీద పేరుంటుంది."

దానయ్య అల్లుతున్న వల ఒడిలోకి జారింది. "పేరా?"

"అతని పేరు. అది తెలిస్తే ఆ తల్లికి కబురు పంపవచ్చు."

"ఇన్నేళ్ళయినాక తల్లికి కబురెందుకు బాబూ? ఏడిసి ఊరుకునుంటాది."

మాస్టారు చెప్పారు. "మా తమ్ముడు రంగూన్లో పనిచేసేవాడు. జపాన్‌వాళ్ళు వచ్చినప్పుడు అడవి దారిన నడిచి బయలుదేరాడు. చేరలేదు. మా అమ్మ ఇప్పటికీ తలుపు గడియ వేయనివ్వదు."

దానయ్య లేచి బయటికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కర్మ చేసిన చోటు తవ్వకూడదు. తవ్వితే సముద్రం మాలో ఒకణ్ణి బదులు తీసుకుంటాదని మా పెద్దోళ్ళు సెప్పినారు. అయినా తవ్వుదాం బాబూ. మొదటి పార నానే ఏస్తాను. కొడుకుని గదా, తప్పుంటే నా మీదే ఉంటాది."

ఇద్దరూ దిబ్బ దగ్గరికి వెళ్ళారు. ఆ నేలలో అప్పటికే ప్రభుత్వం సరుగుడు నాటింది. దానయ్య చెట్ల మధ్య అటూ ఇటూ తిరిగి ఒకచోట నిలబడి, ఇక్కడే అన్నాడు. మాస్టారు నాలుగు రాళ్ళు పెట్టారు. ప్రభుత్వ నేలలో సమాధి తవ్వాలంటే అనుమతి కావాలి. మాస్టారు భీమిలిలో ఒక ప్రభుత్వ కచేరీకి వెళ్ళారు. అక్కడి గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు.

"ఎవరి సమాధండీ?"

"పేరు తెలియదు. తెలుసుకోవడానికే తవ్వాలి."

"పోయినవాడి పేరు లేకుండా దరఖాస్తు ఎలా తీసుకుంటామండీ, మీరే చెప్పండి. పేరు కనుక్కుని రండి."

మాస్టారు విశాఖపట్నం వెళ్ళారు. అక్కడ మరింత పెద్ద గుమాస్తా అదే మాట అన్నాడు. ఒక్కో ఏడూ ఒక్కో కచేరీ తిరిగారు. వెళ్ళిన ప్రతిసారీ నన్ను జేబులో పెట్టుకుని బల్ల మీద పెట్టేవారు. అందరూ నన్ను తిప్పి చూసేవారు. పేరు చెప్పమని వాళ్ళు అడుగుతున్నప్పుడు ఆ గదిలో దాన్ని ఎరిగినవాణ్ణి నేను ఒక్కణ్ణే.

అనుమతి రాకుండానే దానయ్య జ్వరంతో పోయాడు. మాస్టారు బదిలీ మీద వెళుతూ నన్ను నీలమ్మ చేతిలో పెట్టారు. ఆమె ఇప్పుడు ఏటా అన్నం పెడుతోంది. కొడుకు వరసలో ఆడపిల్ల పెట్టవచ్చా అని పోలయ్య అడిగితే, "తినేటోడు అడగనేదు, నీకెందుకు మావా?" అంది. మొన్నటి తుఫానుకు రెండు రాళ్ళు కొట్టుకుపోయాయి. మిగిలిన రెండింటి నుంచి చోటు గుర్తుపట్టగలనని ఆమె అంటోంది. ఉప్పు ఇసుకలో ఆ బిళ్ళల మీది అక్షరాలు ఎంతకాలం నిలుస్తాయో నాకు తెలియదు. నూలుమిల్లులో పనిచేసిన ఆ తల్లి ఉందో లేదో కూడా తెలియదు.

సరుగుడు తోటలో ఆ చోట ఇంకా ఎవరూ తవ్వలేదు.