బైపాస్ గేటు

ఏట్లో నీళ్లు నల్లబడేసరికి ఆసుపత్రి దుప్పట్లు సగం జాడించడం అయింది. చాకిరేవులో ఎవరూ కేక వేయలేదు. ఇదేమన్నా కొత్తా? తడిబట్టలు గట్టు మీదికి లాక్కుని, ఆ మురుగు ఎప్పుడు పోతుందా అని చూస్తూ కూర్చున్నారు. ఒకామెకు వేళ్ల సందుల్లో పుండ్లు పగిలి రక్తం కారుతుంటే, కొంగుకు తుడుచుకుని ఊరుకుంది. అందరూ పెద్దక్క అని పిలిచే మనిషికి మాత్రం ఆ పూట కూర్చోబుద్ధి కాలేదు. మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచి, గట్టు వెంట పైకి నడిచింది.

మురుగునీటి శుద్ధి కేంద్రం వెనక, పెద్ద గొట్టంలోంచి ఊరి మురుగంతా ఉన్నదున్నట్టుగా ఏట్లోకి దూకుతోంది. గొట్టం పైన బైపాస్ గేటు చక్రం తిప్పుతున్నది ఎవరో కాదు, ఆమె ఎత్తుకుని పెంచిన తమ్ముడు.

"రోజూ నువ్వేనట్రా?" అంది.

"నేను కాకపోతే ఇంకోడు, అక్కా."

అతను తలెత్తకుండానే చెప్పాడు. తొట్లలో మురుగు శుభ్రం కావాలంటే బ్లోయర్లు తిరిగి గాలి కొట్టాలి. కరెంటు ఖర్చు మిగుల్చుకోవడానికి కేంద్రం నడిపే కాంట్రాక్టరు వాటిని ఆపించేశాడు. తనిఖీకి ఎవరైనా వస్తేనే తిరుగుతాయి. మిగతా రోజుల్లో ఈ గేటే గతి. మొన్న బురద గుంటలో దిగినవాడు విషపు గాలికి పడిపోతే, ఆసుపత్రిలో పారేసి వచ్చి, మర్నాడే అందులోకి ఇంకొకణ్ణి దింపాడు. ఎదురు చెప్పినవాడికి ఆ రోజుతో పని సరి.

పెద్దక్క తమ్ముణ్ణి తిట్టలేదు. తిట్టే ఓపిక లేదు. సాయంత్రం అతని తోటివాళ్లను కూడా వెంటబెట్టుకుని రమ్మంది.

బట్టలారేసే మైదానంలో రేవు జనమంతా చేరారు. తప్పంతా ప్లాంటులో సోమరి వెధవలదేనని కాంట్రాక్టరు ముందే ప్రచారం చేయించాడు. అందుకని కొందరు కర్రలతోనే వచ్చారు. మా పిల్లలకు ఒళ్లంతా పుండ్లు పెట్టి, మా మధ్యకే వస్తారా అని ఒకాయన మీదికెళ్లాడు. ప్లాంటు ఫిట్టరు కదల్లేదు.

"మేమూ ఆ బురదలోనే చస్తున్నాం బాబాయ్. కాంట్రాక్టరు గదిదాకా ఈ కంపు రాదు. కొడతానంటే వీపు ఇదిగో, కొట్టు. రేపు గేటు తిప్పడానికి ఇంకో వీపును తెచ్చుకుంటాడు వాడు."

కర్ర కిందికి దిగింది. అప్పుడు పెద్దక్క నోరు విప్పింది.

"నాకు ఉపన్యాసాలు రావు. నడుం పోతోంది, తొందరగా తేల్చుకుందాం. మనం వీళ్లని తిట్టుకుంటున్నాం, వీళ్లు మనల్ని తప్పించుకు తిరుగుతున్నారు. ఈలోగా వాడు హాయిగా ఉన్నాడు. తమ్ముడూ, గేటు అసలు తెరవకపోతే మురుగెటు పోతుంది?"

"వెనక్కి తంతుందక్కా. ముందు పెద్దవీధి ఇళ్లల్లోకి, తర్వాత మన సందుల్లోకి."

"మన సందుల్లో ఎప్పుడు లేదు గనక?" అంది పుండ్ల చేతులామె. చాలా రోజులకు జనం నవ్వారు.

తెల్లారాక గేటు తెరుచుకోలేదు. బ్లోయర్లు తిప్పితేనే పని చేస్తామన్నారు ప్లాంటు కూలీలు. కాంట్రాక్టరు అందర్నీ పనిలోంచి తీసేశాడు. వాళ్లు ఇంటికి పోలేదు. రేవు జనంతో కలిసి చక్రం చుట్టూ కూర్చున్నారు. మర్నాటి పొద్దుటికి కాంట్రాక్టరు ఎక్కణ్ణుంచో లారీలో కొత్త కూలీలను దింపించాడు. పాపం, రాత్రంతా ప్రయాణం చేసి వడలిపోయిన మనుషులు. ముందు దాహం అన్నారు. రేవు ఆడవాళ్లు పక్కనే ఉన్న ఏటిని చూపించి, ఇవి మాత్రం తాగకండని బోరింగు నీళ్ల బిందెలు ముందుకు జరిపారు. తాగినవాళ్లు ఆ చేతుల పుండ్లు చూశారు, సంగతి విన్నారు. తర్వాత ఒక్కొక్కరే నేల మీద కూలబడ్డారు. కాంట్రాక్టరు ఎంత అరిచినా లేవలేదు.

మధ్యాహ్నానికి పెద్దవీధిలో మరుగుదొడ్లు పొంగాయి. అంతవరకు పత్తా లేని పోలీసులు అప్పుడొచ్చారు. లాఠీలు ఆడాయి. తమ్ముడి తల పగిలింది. అతన్నీ పెద్దక్కనూ వ్యానెక్కించారు.

స్టేషనులో గోడకు చేరగిలబడి ఆమె కళ్లు మూసుకుంది. కాసేపటికి పుండ్ల చేతులామె కబురు తెచ్చింది. మున్సిపాలిటీ వాళ్లు పరుగున వచ్చి బ్లోయర్లు వేయించారట.

"ఎన్ని తిరుగుతున్నాయి?" అన్నాడు తమ్ముడు, తలకు కట్టిన గుడ్డ పట్టుకుని.

"ఒకటే."

"నాలుగూ తిరగాలి. ఒక్కదానితో నురగొస్తుంది గాని నీళ్లు శుభ్రపడవు."

పెద్దక్క కళ్లు తెరిచింది. గేటు దగ్గర ఎవరున్నారని అడిగింది. లారీలో వచ్చినవాళ్లే కూర్చున్నారనీ, మనవాళ్లను కాస్త తిని రమ్మని పంపారనీ చెప్పిందామె.

ఇన్‌స్పెక్టరుకీ ఈ తలనొప్పి చాలనిపించింది. మళ్లీ ఆ గేటు దగ్గరికి వెళ్లనని ఒక్క మాట చెబితే ఇద్దర్నీ వదిలేస్తానన్నాడు. పెద్దక్క ఒళ్లు నిజంగానే ఇంట్లో చాపను కోరుతోంది. కాళ్లు చాపుకుని, వాచిన మడమలు నిమురుకుంది.

"వదిలితే అక్కడికే వెళ్తాను బాబూ," అంది. "నడవలేను. బండిలో దింపించు."