ఈత లాగుల సౌనా

మా తమ్ముడు ఇల్పో హెల్సింకి చూద్దువుగాని రమ్మని పిలిచాడు. ఇన్నేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటూ ఒక్కసారి పిలిచిన పాపాన పోలేదు. ఊరు చూపించడానికి కాదని నాకు తెలుసు. మా ఊరు క్యురువేసి దగ్గర సరస్సు ఒడ్డున నాన్న తన చేతుల్తో కట్టిన చెక్క సౌనా ఉంది, రాళ్ళు కాల్చి ఆవిరి పట్టే స్నానాల గది. ఆ సౌనా, దాని కింద నేల మా ఇద్దరివీ. వాడికి అది అమ్మెయ్యాలని, నాకు ప్రాణం పోయినా అమ్మకూడదని. నాన్న పోయినప్పుడు ఆయన్ని కడిగింది ఆ సౌనా బల్ల మీదే. నేను సరే అనకుండా అమ్మడానికి వీల్లేదు, అందుకే ఈ మర్యాద.

అయినా వెళ్ళాను. తమ్ముడు కదా.

స్టేషన్ ముందు నిలబడి ఉన్నాడు, ఎండాకాలంలో మెళ్ళో మఫ్లర్ చుట్టుకుని. ముందు తెల్ల చర్చికి తీసుకెళ్ళాడు. చర్చి బాగానే ఉంది. కానీ దాని మెట్ల నిండా జనం కాళ్ళు బారజాపుకుని కూర్చుని తింటున్నారు. మెట్టు మెట్టుకీ జారిపోయిన ఐస్‌క్రీమూ, దాన్ని పొడుచుకు తింటున్న పావురాలూ. దేవుడికి వీపు పెట్టి, ఫోన్లు చాపి, పళ్ళికిలించి ఫొటోలు. నా నోటిదాకా ఒక మాట వచ్చింది. పిలిచినవాడి ఊరిని వాడి ముందే తిట్టడం ఎందుకని పళ్ళు బిగించుకున్నాను.

అక్కణ్ణుంచి రేవు బజారుకి. అక్కడ ముయిక్కు చేపలు వేయిస్తున్నారు. మా సరస్సులో పిల్లలు కూడా వలేసి పట్టే వేలెడంత చేపలు. వాటిని నూనె ఓడుతుంటే కాగితం పళ్ళెంలో పోసి, పైన వెల్లుల్లి ముద్ద ఒకటి కుమ్మరించి ఇచ్చారు. మాడిన నూనె కంపు. ఒకటి నోట్లో పెట్టుకున్నానో లేదో, తెల్ల సముద్రపు పక్షి ఒకటి నెత్తి మీంచి దూకి పళ్ళెంలో సగం ఎత్తుకుపోయింది. పోతూ పోతూ నా చొక్కా మీద రెట్ట వేసిపోయింది. చుట్టూ నవ్వులు. నేను రుమాలుతో తుడుచుకుంటుంటే, మన సౌనా ముందు స్నానాల రేవు చెక్కలు కుళ్ళిపోయాయట, ఎవరు బాగుచేస్తారు, అమ్మేస్తే పీడాపోతుంది కదా అన్నాడు ఇల్పో. నేను రెట్ట తుడుచుకున్నాను.

తర్వాత బండరాయిని తొలిచి కట్టిన చర్చి. లోపలికి పోవడానికి టికెట్టు. దేవుడి ఇంటికి టికెట్టేమిటని అడగబోయి ఊరుకున్నాను. లోపల ఒకావిడ ప్రార్థన బల్ల మీద చెప్పులు విప్పేసి పాదాలు పిసుక్కుంటోంది. ఇంకొకాయన గొంతు ఎంత మోగుతుందో చూడ్డానికి ఊళ పెట్టాడు. నేను మొహం గోడ వైపు తిప్పుకున్నాను. కొనేవాడు పెద్దమనిషి, మాట మీద నిలబడే మనిషి అన్నాడు నా చెవిలో ఇల్పో. చర్చిలో మాట్లాడే అలవాటు నాకు లేదు.

పడవెక్కి కోట ద్వీపానికి వెళ్ళాం. పాతకాలపు గోడల మీద కొత్త పెళ్ళికూతురు ఒకతె పది రకాలుగా పడుకుని ఫొటోలు తీయించుకుంటోంది. ఫిరంగి గొట్టంలో ఎవడో బీరు డబ్బాలు కుక్కాడు. తిరుగు పడవలో గాలి హోరున వీస్తుంటే, ఆ కొనే ఆయన సాయంత్రం ఇక్కడి సౌనాకి వస్తాడు, కలుద్దాం అన్నాడు ఇల్పో. పెద్ద సంగతులు సౌనాలోనే తేల్చుకోవడం మా పద్ధతి. నేను నీళ్ళ మీద తేలిపోతున్న అరటితొక్క వైపు చూస్తూ ఉండిపోయాను.

సముద్రం ఒడ్డునే ఉంది ఆ ఊరివాళ్ళ సౌనా. గుమ్మంలో ఒక అమ్మాయి నా చేతికి ఈత లాగు ఇచ్చింది. ఇదెందుకన్నాను. ఆడా మగా అందరూ ఒకే చోట కదా, తొడుక్కోవాలంది. నాకంటే ముందు ఎవరు తొడుక్కున్నారో ఆ లాగు, ఇంకా తడిగా ఉంది. ఛీ అనుకుంటూనే ఎక్కించాను. లోపల బల్లల మీద జనం గుంపుగా, రబ్బరు వాసనా, అత్తరు వాసనా. కాలిన రాళ్ళ మీద ఎవరో బీరు పోశారు. ఆ ఆవిరి పీలిస్తే వాంతి ఒకటే తక్కువ. మా ఇంట సౌనాలో ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు, గొంతు పెంచితే నాన్న బయటికి పంపేసేవాడు.

పై బల్ల మీద నారింజరంగు లాగులో కూర్చున్న బట్టతలాయన తడి చెయ్యి చాపాడు.

"నేను వెస్టర్‌లుండ్‌ని. మీరు ఒప్పుకున్నారని మీ తమ్ముడు చెప్పారు. చాలా సంతోషం."

నేను ఇల్పో వైపు తిరిగాను. "ఎప్పుడు ఒప్పుకున్నాన్రా?"

"పొద్దుట్నుంచీ చెబుతూనే ఉన్నా కదన్నయ్యా. చేపల దగ్గర చెప్పా. చర్చిలో చెప్పా. పడవలో చెప్పా. ఒక్కచోటైనా కాదన్నావా?"

"రోతతో నోరు తెరవలేదురా."

"అది నాకెట్లా తెలుస్తుంది? మనింట్లో వద్దనేవాడు వద్దంటాడు. నోరు మూసుకున్నాడంటే సరే అన్నట్టే."

వాడన్నదీ నిజమే. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా వైపు అది పూర్తి అంగీకారమే. నాన్న అమ్మని పెళ్ళాడతావా అని అడిగినప్పుడు కూడా ఆవిడ ఏమీ అనలేదట.

వెస్టర్‌లుండ్ చెయ్యి ఇంకా చాపే ఉంది. వేళ్ళ చివర్ల నుంచి చెమట కారుతోంది.

"లాగు తొడుక్కుని సౌనాలో ఇచ్చిన మాట మాటే కాదండీ," అన్నాను. "మీకంత మనసుంటే మా ఒడ్డుకి రండి. అన్నీ విప్పేసి మా నాన్న బల్ల మీద కూర్చుని అడగండి. అప్పుడు చెప్తాను."

"ఏమని చెప్తారు?"

"వద్దని."

కింది బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, లేచి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఇల్పో మొహం ఎర్రగా కందింది. వేడికో, సిగ్గుకో, నా మీద కోపానికో.

స్టేషన్ దాకా వాడు నా వెంటే వచ్చాడు. నా చొక్కా ఇంకా పక్షి రెట్ట కంపు కొడుతూనే ఉంది. రైలెక్కి, తలుపు దగ్గర నిలబడి అన్నాను: "నడివేసవికి, యుహన్నుస్ పండగకి రారా. రేవు చెక్కలు ఇద్దరం కలిసి మారుద్దాం. సౌనా నేను వేడి చేసి ఉంచుతా."

వాడు పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. రైలు కదిలేదాకా అలాగే నిలబడ్డాడు. ఒక్క మాట లేదు.

ఊరు చేరగానే కోత మిల్లుకి వెళ్ళి రేవుకి చెక్కలు కోయమని చెప్పాను, ఇద్దరం పట్టుకుంటేగాని లేవనంత పొడవువి. వాడూ రోతతోనే నోరు మూశాడేమో, ఎవరు చూడొచ్చారు. వద్దని మాత్రం అనలేదు.